కొండ కింద మోగే రేడియో కోసం బర్మా బజారుకు

మా ఊరు సత్యవేడుకు పడమర, కొండల కింద ఉంది. కొండను ఆనుకుని అయిదుగురు రైతుల వేరుశనగ చేలు ఒకే చెక్కగా ఉంటాయి. అందులో ఒకటి నాది. కాయ గట్టిపడే రోజుల్లో అడవిపందులు దిగుతాయి. వాటిని ఆపడానికి మేము వాడేది రేడియో. టపాకాయలు రెండు రోజులు పనిచేస్తాయి. చుట్టూ పాత చీరలు కడితే నాలుగు రోజులు. మనిషి కేకలు రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించే పెట్టె ఒకటి ఒక ఏడాది తెచ్చాం. వారం తిరక్కముందే పందులు ఆ పెట్టె పక్కనే కాయ తవ్వుకుని తిన్నాయి. రేడియో సంగతి వేరు. అందులో పాట, మాట, నవ్వు, ప్రకటన ఏది ఎప్పుడొస్తుందో మనకే తెలియదు, పందులకు అసలే తెలియదు. అక్కడ మనుషులున్నారనుకుంటాయో ఏమో, దగ్గరికి రావు. తిరుపతి స్టేషన్లకు కొండ అడ్డం. మాకు తగిలేవి చెన్నై స్టేషన్లే. మా పందులు తమిళానికే జడుస్తాయని ఊళ్లో వేళాకోళం.

రేడియో అన్నానే గాని, మేము పెట్టేది రేడియో సెట్ కాదు. సెట్ పెడితే మూడో రోజుకు కనిపించదు. తెర పగిలి ఎవరికీ పనికిరాని పాత స్మార్ట్‌ఫోన్ పెడతాం. అందులో ఎఫ్‌ఎం ఉంటే చాలు. దాన్ని ఖాళీ నూనె డబ్బాలో ఉంచి, డబ్బాను మంచె మీద అడ్డంగా కడితే చేను చివరి దాకా వినిపిస్తుంది. స్మార్ట్‌ఫోన్‌లో ఎఫ్‌ఎం పలకాలంటే ఇయర్‌ఫోన్ తగిలించాలి, ఆ తీగే దానికి ఏరియల్. మోత మాత్రం ఫోన్ స్పీకర్లోంచి వచ్చేలా పెడతాం. కీప్యాడ్ ఫోన్లకు తీగ అక్కర్లేదంటారు. కానీ కొండ కింద అవి గరగరలాడతాయి తప్ప పలకవు. నెట్ మీద వచ్చే రేడియో యాప్‌లకు మా చేలో సిగ్నల్ చాలదు. ఇయర్‌ఫోన్‌ను ఉన్నదున్నట్టు వదిలితే ఎవరో ఒకరు చెవిలో పెట్టుకోవడానికి పట్టుకుపోతారు. అందుకని చెవి ముక్కలు కోసేసి వట్టి తీగే ఉంచుతాం. కోసిన కొసల్ని అగ్గిపుల్లతో కాల్చి, పైపూత పోగొట్టి, రాగి బయటికి తీస్తాం. అలా చేస్తే సిగ్నల్ బాగా లాగుతుందని మా నమ్మకం.

ఈ ఏడాది కావలి మునిరత్నానిది. పంట ఇంటికొచ్చాక అయిదుగురం తలా ఒక బస్తా కాయ ఇస్తాం. అతని ఇంట్లో ఏడాది నూనె, కొంత తిండి దాని మీదే నడుస్తాయి. ఈ మాఘంలో రెండుసార్లు తెల్లవారేసరికి పందులు చేను తవ్విపోయాయి. రెండుసార్లూ రేడియో మోగడం లేదు. రెండోసారి అందరికంటే ముందు వెళ్లింది నేను. మునిరత్నం కర్ర పట్టుకుని కొండ వైపు నుంచి వస్తున్నాడు. నేను డబ్బాలోంచి ఫోన్ తీసి నొక్కాను. వెంటనే పలికింది.

“నేను ఆపలేదన్నా. అదే ఆగిపోయె,” అన్నాడు.

“అదే ఆగిపోయి, నేను రాంగానే అదే మోగిందా?” అన్నాను.

మోతకు నిద్ర పట్టక రేడియో ఆపేసి పడుకున్నాడని మిగతా నలుగురికీ చెప్పింది నేనే. కోతకు ఇంకా ఇరవై రోజులుంది. ఆదివారం కూర్చుని అతన్ని మాన్పించి ఇంకొకరిని పెట్టుకోవాలనీ, ఈలోగా చెన్నై వెళ్లి ఎఫ్‌ఎం ఉన్న ఇంకో ఫోన్ తేవాలనీ అనుకున్నాం. ఇక్కడ అబద్ధమాడి మానిపించుకున్నవాడిని కాలువ కింది రైతులు కూడా కావలికి పెట్టుకోరు. అది అతనికీ తెలుసు. గురువారం సాయంత్రం మా ఇంటికొచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

“మెడ్రాసుకు పోతావుండావంట. ఆ పాత ఫోన్ గూడా ఎత్తకపోయి తెలిసినోళ్లకి చూపీన్నా. దాంట్లో లోపముంటే నా మాట నిజమని చెప్పు. లేదన్నారంటే, నువ్వు ఆదివారం దాకా ఆగే పన్లే. నేనే మానుకుంటా.”

సరేనన్నాను.

శుక్రవారం ఉదయం ఆరుంబావుకు సత్యవేడులో కవరైపేట బస్సెక్కాను. మా వైపు నుంచి చెన్నైకి నేరుగా ఊత్తుకోట మీదుగా కూడా బస్సులున్నాయి. అయితే చెన్నై పొలిమేర దాటాక ఊళ్లోకి చేరేటప్పటికి రద్దీలో గంట పోతుంది. కవరైపేట దాకా బస్సులో వెళ్లి అక్కడ గుమ్మిడిపూండి నుంచి వచ్చే లోకల్ రైలెక్కడం మేలు. టికెట్ పది, పదిహేను రూపాయల్లో అయిపోతుంది. కొన్ని రైళ్లు సెంట్రల్‌తో ఆగిపోతాయి, కొన్ని బీచ్ స్టేషన్ దాకా పోతాయి. బర్మా బజారుకు వెళ్లేవాళ్లు బీచ్ రైలు చూసుకుని ఎక్కాలి. నాకు ఏడున్నరకు దొరికింది. ఏడున్నర రైల్లో కూర్చోడానికి చోటుంటుందని ఆశ పెట్టుకోకండి. పొన్నేరిలో ఇంకా నిండుతుంది.

తలుపు దగ్గర నా పక్కన నిలబడ్డాయన చొక్కా జేబులో కీప్యాడ్ ఫోన్ మోగుతోంది. ఎఫ్‌ఎమ్మే. అంబత్తూరులో లేత్ మిషన్ మీద పనట. నా చేతిలో తెలుగు పేపరు చూసి తెలుగులోనే మాట్లాడాడు. వాళ్లది గుమ్మిడిపూండే, ఇంట్లో తెలుగు, బయట తమిళం. స్మార్ట్‌ఫోన్ లేదా అని అడిగాను.

“ఉండాది, ఇంట్లో పెట్టొస్తా. కెమెరా ఉండే ఫోను మా కంపెనీ గేటు దాటి లోపలికి పోదు. ఆడ సెక్యూరిటీ దెగ్గిర ఇచ్చి, సాయంత్రం క్యూలో నిలబడి తీసుకోవాల. దాని బదులు ఇదే మేలు. నాలుగు రోజులు చార్జి నిలస్తాది, పాటలొస్తాయి.”

“స్మార్ట్‌ఫోన్లో రేడియో ఉంటే వింటారా?”

“మా పిల్లోళ్లు వినరు. ఏ పాట గావాలంటే అది వాళ్లే పెట్టుకుంటారు. నాకైతే ఎవురో ఒకరు పెట్టాల. నేను ఏరుకోను.” తర్వాత నన్నడిగాడు. “మీకెందుకు రేడియో ఫోను?”

పందుల సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. “ప్రకటనలు గూడా వింటాయా అవి?” అన్నాడు.

“అన్నీ వింటాయి.”

“పాపం,” అన్నాడు. దారిలో ఒక స్టేషన్లో అంబత్తూరు రైలు మారడానికి దిగిపోయాడు.

తొమ్మిదికి బీచ్ స్టేషన్‌లో దిగాను. ఎదురుగానే, రోడ్డు వారన బర్మా బజారు వరసగా ఉంటుంది. కానీ ఆ గంటకు కొట్లన్నీ మూసి ఉంటాయి. పదిన్నరకు గాని రేకులు లేవవు. తొందరగా వచ్చి తిట్టుకోకండి. ఆ గంటన్నరలో రోడ్డు దాటి జార్జి టౌన్ సందుల్లో తిరగవచ్చు. కాగితం రీములు, ఉల్లిగడ్డల బస్తాలు, పైపులు, అన్నీ తోపుడు బండ్ల మీదే కదులుతుంటాయి. బండికి దారివ్వడానికి నడిచేవాళ్లు గోడకు ఒత్తుకుని నిలబడాలి. బండివాడు అరవడు, నాలుకతో టక్కుమని శబ్దం చేస్తాడంతే.

ఒక సందు మొదట్లో చిన్న టిఫిన్ హోటల్లో రెండు ఇడ్లీ, ఒక పొంగలు తిన్నాను. కాఫీతో కలిపి తొంభై రూపాయలయింది. పెనం దగ్గరున్న వంటాయన నెల్లూరు వైపు మనిషి, గూడూరు దగ్గరి పల్లెట. గోడకు చిన్న స్పీకర్ తగిలించి ఉంది గాని మోగడం లేదు. రేడియో పెట్టరా అని అడిగాను. ఆ రోజంతా ఎవరు కనిపించినా నేనడిగింది ఇదే.

“పెడతాం సార్. ఓనరు ఫోన్లో యాప్ ఉంది. ఆయన గల్లాలో కూర్చుంటే రేడియో ఉంటది. కూరగాయలకి పోయినాడనుకో, రేడియో గూడా ఆయనతో మార్కెట్‌కి పోతది.”

“మీ ఫోన్లో లేదా?”

“యాప్ పెడితే మధ్యాహ్నానికి నెట్ అయిపోతంది. సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేసుకోవాల గదా. మా ఆడామె, ‘నా మొకం చూడకుండా పాటలు విన్నాడు’ అంటది. ఆ పాత ఫోన్లో ఎఫ్‌ఎం ఉండేది. మంచి ఫోను కొనుక్కున్నా, అది పోయింది.” దోసె తిప్పుతూ అన్నాడు. “నేను కొనేటప్పుడు అన్నీ అడిగినా సార్. అది మటుకు అడగలా. ఉంటదనే అనుకున్నా.”

పదిన్నరకు బజారులోకి వెళ్లాను. నాలుగు కొట్లలో ఎఫ్‌ఎం ఉన్న స్మార్ట్‌ఫోన్ అడిగితే ముగ్గురు తల అడ్డంగా ఊపారు. నాలుగో కొట్టు దేవరాజుది. కొట్టంటే మంచమంత చోటు. అద్దాల పెట్టెలో పాత ఫోన్లు, వెనక ఒక స్టూలు, చిన్న టేబుల్ ఫ్యాన్, రిపేరు సామాను. వయసు యాభై దాటి ఉంటుంది. వాళ్ల తాతల నాటి నుంచి చెన్నైలోనే ఉన్నారట. అయినా తెలుగు పోలేదు.

ముందు పాత ఫోన్ అతని చేతికిచ్చి, “దీంట్లో ఎఫ్‌ఎం దానంతటదే ఆగిపోతుందంటున్నారు. నిజమో కాదో చూడాలి” అన్నాను. మునిరత్నం సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. లోపం ఏమీ లేకపోతే ఒక మనిషి పని పోతుందని అతనికి తెలిసి ఉండాలనిపించింది.

దేవరాజు ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాడు. “రొంబ పాతదన్నా. దీన్ని చూసి పందులు పారిపోవాల్సిందే, రేడియో ఎందుకు?” అని వెనక మూత తీసి, బ్యాటరీ చూసి, ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రాన్ని సన్న బ్రష్‌తో తుడిచాడు. తన దగ్గరున్న ఇయర్‌ఫోన్ తగిలించి ఎఫ్‌ఎం పెట్టి పక్కన ఉంచాడు. “మోగనీ. ఆగితే నువ్వూ చూస్తావు, నేనూ చూస్తాను.”

అది మోగుతుంటే మేము మాట్లాడుకున్నాం. కొత్త ఫోన్లలో ఎఫ్‌ఎం ఎందుకు ఉండడం లేదని అడిగాను.

“చానా ఫోన్లలో లోపల చిప్పులో ఉంటాదన్నా. బయటికి కనెక్షన్ ఇయ్యరు. ఇల్లు కట్టి వాకిలి పెట్టని మాదిరి. ఇయర్‌ఫోన్ వోట్టే, అదే ఆ రంధ్రమే, తీసేసినాక తీగ ఎందులో దూరుస్తావు? తీగ లేందే ఇది పలకదు.”

“వాకిలి పెడితే వాళ్లకేం నష్టం?”

“నష్టం లేదు, లాభం గూడా లేదు. నాదెగ్గిర ఈ వారం అంతా కెమెరా అడిగినోళ్లే. రేడియో అడిగింది నువ్వొక్కడివే, అదీ మనుషులకి కాదు.” నవ్వాడు. “ఆ వోట్ట లేకపోతే ఫోను నీళ్లల్లో పడినా బతుకుతాదంట. అది గూడా నిజమే. అబద్ధం చెప్పకూడదు.”

“తుపానుకు టవర్లు పడిపోతే?”

“అప్పుడు అందరూ రేడియో అడుగుతారు. రెండు రోజులు. కరెంటు రాంగానే మరిచిపోతారు. నేను ఈడ కూర్చుని చూసినాను గదా.”

ఎవరూ అడగరు కాబట్టి పెట్టరు. పెట్టరు కాబట్టి అడగాలన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. టిఫిన్ హోటల్ వంటాయన చెప్పిందీ ఇదే. ఇందులో మొదట ఏది జరిగిందో నాకు తెలియలేదు.

పన్నెండు కావస్తున్నా పాత ఫోన్ ఒక్కసారి కూడా ఆగలేదు. దేవరాజు దాన్ని టేబుల్ మీద తట్టాడు, వేడెక్కిందేమోనని చెంపకు ఆనించి చూశాడు. బ్యాటరీ పీకి మళ్లీ పెట్టి, ఇంకో స్టేషన్ మార్చాడు. చివరికి తీసి నా ముందు పెట్టాడు.

“ఫోను మంచిదన్నా. దీనికి ఏ రోగమూ లేదు. ఆయన నిద్దరపోయుంటాడు. మనిషి గదా.”

నేను మొదట్నుంచీ చెప్పినది అదే. నా మాటే నెగ్గినా సంతోషం కలగలేదు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. మునిరత్నం, వాళ్ల ఆమె ఫోన్ నుంచి.

“ఏమన్నారన్నా?”

“ఇంకా చూడలేదు. కొట్లు ఇప్పుడే తీశారు,” అన్నాను.

“సరే. తీరిగ్గా చూపీ,” అని పెట్టేశాడు.

దేవరాజు నా వైపు ఒకసారి చూశాడు. అద్దాల పెట్టెలోంచి ఎఫ్‌ఎం ఉన్న ఫోన్లు రెండు తీసి ముందు పెట్టాడు. ఒకటి పద్దెనిమిది వందలు, ఒకటి రెండు వేల రెండు వందలు. రెండూ వాడినవే. చెన్నైలో ఏ ఫోన్‌లోనైనా స్టేషన్లు గట్టిగానే వస్తాయి. మా కొండ కింద వస్తాయా అన్నదే ప్రశ్న. చేలో వాడేది మా తీగే కదా, దాంతోనే చూద్దామని సంచిలోంచి తీశాను.

“ఇదేంది, ఎలక కొరికిందా?” అన్నాడు దేవరాజు.

“కోశాం. కోయకపోతే ఎత్తుకుపోతారు.”

తక్కువ ధర ఫోన్‌కు ఆ తీగ తగిలించాడు. పలికింది. టేబుల్ అంచు మీదుగా తీగను కిందికి వదిలాడు. ఎండ ఎక్కడంతో ఫ్యాన్‌ను నా వైపు తిప్పాడు. పాట మధ్యలో ఆగిపోయింది. నొక్కి చూసేలోగా అదే మళ్లీ మొదలైంది. రెండు ప్రకటనలు వచ్చాయి, మళ్లీ ఆగింది.

“ఈ ఫోను వద్దు, దీంట్లో ఏదో ఉంది,” అని దేవరాజు రెండోది తీశాడు. దానికి తగిలించాడు. అదీ ఆగింది. అతను మా పాత ఫోన్ తీసుకుని, గంటన్నర ఆగకుండా మోగిన దానికి, మా తీగ తగిలించాడు. నిమిషం మోగి ఆగింది. కొంతసేపటికి మళ్లీ మోగింది.

దేవరాజు ఫ్యాన్ కట్టేశాడు. అయిదు నిమిషాలు చూశాం. ఆగలేదు. ఫ్యాన్ వేశాడు. కోసిన కొసలు గాలికి ఒకదానికొకటి తగులుతున్నాయి. తగిలినప్పుడు పాట ఆగుతోంది. మళ్లీ తగిలితే మొదలవుతోంది. అతను రెండు కొసల్ని వేళ్లతో కలిపి నొక్కాడు. ఆగింది. వదిలి మళ్లీ నొక్కాడు. మోగింది.

“ఇది మైకు ఉండే ఇయర్‌ఫోన్ తీగన్నా. మైకు దెగ్గిర చిన్న బటన్ ఉంటాది, పాట ఆపేదానికి, ఫోన్ ఎత్తేదానికి. ఆ బటన్ లోపల చేసే పని ఇంతే. రెండు తీగలు కలుపుతాది. మీరు బటన్ కోసి పారేసినారు, తీగలు కాల్చి పెట్టినారు. ఇప్పుడు గాలే బటన్ నొక్కతా ఉంది.” కొసలు దగ్గరగా పట్టి చూశాడు. “పూత కాల్చకపోయినా సరిపోయేది. సుమ్మా, ఊరికే ఉండాల్సిన తీగని కాల్చినారు. ముందు ఏ తీగ పెడతా ఉంటిరి?”

ఇదివరకటి తీగ పాత కాలపు ఇయర్‌ఫోన్‌ది. దానికి మైకు లేదు. నాలుగేళ్లు వాడాం. పోయిన ఏడు ఎలుకలు కొరికేస్తే ఈ ఏడు కొత్తది కొన్నాం. మా కొండ గాలి తెల్లవారుజామునే దిగుతుంది. పందులు వచ్చిన రెండు రోజులూ గాలి ఉంది. ఆ సంగతి నాకు అక్కడ కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది.

“ఎవురు కోసింది?” దేవరాజు అడిగాడు.

“నేనే.”

అతను తీగను నా చేతికిచ్చి, “టీ తాగుతావా?” అన్నాడు.

తాగాం. అతని కొట్లో మైకు లేని ఇయర్‌ఫోన్ వెతికితే అట్టడుగు డబ్బాలో ఒకటి దొరికింది. ఎనభై రూపాయలు తీసుకున్నాడు. రిపేరు చూసినందుకు ఏమీ తీసుకోలేదు. ఫోన్ కొనలేదని మొహం మాడ్చుకోలేదు. “కొయ్యొద్దు. ఎత్తుకుపోతే ఇంకోటి కొను,” అని మాత్రం అన్నాడు. మునిరత్నానికి ఫోన్ చేయాలని రెండుసార్లు తీశాను, మళ్లీ జేబులో పెట్టాను. అతను నిద్రపోయాడన్నది నేను నలుగురి ఎదుట నిలబడి చెప్పిన మాట. ఇది బజారులో నిలబడి ఫోన్లో చెబితే సరిపోదనిపించింది.

బీచ్ స్టేషన్లోనే మైలాపూరు వైపు పోయే రైళ్లు కూడా ఉంటాయి. సాయంత్రం దాకా ఉండి అటు కూడా చూసి రావాలని ఇంటి దగ్గర అనుకున్నాను. ఆ పని పెట్టుకోలేదు. రెండు నలభైకి గుమ్మిడిపూండి రైలు దొరికింది. మధ్యాహ్నం రైలు ఖాళీ. కిటికీ దగ్గర కూర్చుని, కొత్త ఇయర్‌ఫోన్ పాత ఫోన్‌కు తగిలించి, చెన్నై స్టేషన్ ఎంత దూరం వస్తుందో చూస్తూ వచ్చాను. ఎన్నూరు దాటేదాకా ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుంది. పొన్నేరి దగ్గర కొంచెం గరగర. కవరైపేటలో దిగేటప్పుడు మాటలు తెలుస్తున్నాయి. బస్సు సత్యవేడు దాటాక కొండ కనిపించే మలుపులో ఒకసారి పూర్తిగా పోయి, మా ఊరి దగ్గర మళ్లీ వచ్చింది. ఇంత దూరం ఆ గొంతు నెట్ లేకుండా, టవర్ లేకుండా వచ్చింది. నేను ఇన్నేళ్లు దాన్ని పందులకు వదిలేశాను గాని, ఎంత దూరం వస్తుందో ఎప్పుడూ చూడలేదు.

అయిదున్నరకు నేరుగా చేనికే వెళ్లాను. మునిరత్నం మంచె కింద కూర్చుని తాడు పేనుతున్నాడు. నేను కూడా కూర్చుని, రెండు తీగలూ ముందు పెట్టి, ఫోన్‌కు కోసిన తీగ తగిలించి కొసలు తాకించి చూపించాను. ఆగింది. మళ్లీ తాకించాను. మోగింది. అతను నా చేతుల్లోంచి తీసుకుని తనే నాలుగుసార్లు చేసి చూశాడు.

“కోసింది నువ్వా?” అన్నాడు.

“నేనే.”

“కాల్చింది?”

“అదీ నేనే. మధ్యాహ్నం నువ్వు ఫోన్ చేసినప్పుడు ఫోన్ మంచిదని చెప్పేశారు. చూడలేదని నీకు అబద్ధం చెప్పాను.”

అతను తాడు మళ్లీ అందుకున్నాడు. రెండు మూడు పేటలు పేనాక అన్నాడు. “ఆదివారం ఇది ఇట్టనే చెప్పు. ఫోన్‌దే తప్పని చెప్పమాక.”

ఆదివారం అలాగే చెప్పాను. పోనీలే తెలిసింది గదా, అతన్నే ఉంచుదామని తక్కినవాళ్లన్నారు. మునిరత్నం నిలబడే ఉన్నాడు. “కావలి కాస్తా. రేడియో మటుకు నా చేతికి ఇయ్యొద్దండి. పెట్టేది, ఆపేది మీరే చూసుకోండి. అది మోగినా, మోగకపోయినా నన్ను అడగొద్దు.” ఆ పని నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు పొద్దుగూకే వేళ ఫోన్ తీసుకెళ్లి డబ్బాలో పెట్టేది నేనే, పొద్దున్నే వెళ్లి తెచ్చుకునేదీ నేనే. మంచె దగ్గర మునిరత్నం ఉంటే పంట సంగతి, గాలి సంగతి మాట్లాడతాడు. రేడియో వైపు చూడడు.

స్మార్ట్‌ఫోన్లలో ఎఫ్‌ఎం ఉండాలా అంటే, ఉండాలనే నా అభిప్రాయం. కొత్తగా ఉన్నప్పుడు దాన్ని ఎవరూ వాడకపోవచ్చు. దేవరాజు చెప్పిందీ, అంబత్తూరాయన పిల్లల సంగతీ నిజమే. కానీ ఫోన్ ఒకరి చేతిలోనే ముసలిదవదు. తెర పగిలి, సిమ్ తీసేసి, మూడో చేతికి, నాలుగో చేతికి వచ్చాక అందులో మిగిలేది ఇదొక్కటే. లోపల చిప్పు ఉండి కూడా బయటికి దారి ఇవ్వకపోతే ఆ నాలుగో మనిషికి ఏమీ మిగలదు. ఇక నా సంగతి. నేను నొక్కగానే మోగిన ఫోన్‌ను నమ్మాను, ఆగిపోయిందని చెప్పిన మనిషిని నమ్మలేదు. రెండూ ఒకే తెల్లవారుజామున నా ఎదురుగానే ఉన్నాయి.

చేలో ఎఫ్‌ఎం పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఇయర్‌ఫోన్ కొనేటప్పుడు పిన్ను చూడండి. పిన్ను మీద నల్ల గీతలు మూడుంటే అది మైకు ఉన్నది, రెండుంటే లేనిది. రెండు గీతలది అడిగి తీసుకోండి, కోయకుండా వాడండి. మైకు ఉన్నదే దొరికితే, కోయక తప్పకపోతే, కొసల్ని విడివిడిగా టేపుతో చుట్టండి.